కొండచెట్టు వయసు ఎవరిది?

టోక్యో నుంచి ఉత్తరాదికి వెళ్ళే జేఆర్ ఉత్సునోమియా లైన్‌లో ఓమియా దాటగానే వచ్చే చిన్న స్టేషన్ తోరో. అక్కడ దిగి కాస్త దూరం నడిస్తే ఓమియా బోన్సాయ్ మ్యూజియం, దాన్ని దాటితే బోన్సాయ్ గ్రామం వస్తాయి. గ్రామమన్నది పేరుకే, ఇప్పుడది సైతామా నగరంలో కలిసిపోయిన ఒక పేట. 1923 నాటి కాంటో మహాభూకంపం టోక్యోను కూల్చేశాక, దాంగోజకా పరిసరాల్లో చెట్లు పెంచుకుని బతికే తోటమాలులు కొందరు విశాలమైన జాగా, మంచి నీరు, మంచి మట్టి వెతుక్కుంటూ 1925లో ఇక్కడికి చేరారు. వచ్చినవాళ్ళు ఊరికి కట్టుబాట్లు కూడా రాసుకున్నారు. ఇక్కడ కాపురముండేవాళ్ళ దగ్గర కనీసం 10 బోన్సాయ్‌లు ఉండాలి. ఇంటికి రెండో అంతస్తు వేయకూడదు. ప్రహరీగోడకు బదులు పచ్చని కంచె పెంచాలి. చూడవచ్చినవాళ్ళ కోసం గేటు తెరిచే ఉంచాలి. 1930ల్లో 30 దాకా ఉన్న తోటలు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. అయినా చెర్రీ, మేపుల్, జెల్కోవా చెట్ల పేర్లు పెట్టుకున్న ఆ వీధుల్లో నడుస్తుంటే ఊరిని చెట్ల కోసమే కట్టారని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

2010లో తెరిచిన మ్యూజియంలో చెట్లకు పేర్లుంటాయి, చీటీ మీద పేరు పక్కనే వయసు ఉంటుంది. 'తోదోరోకి' అనే ఎజో స్ప్రూస్ వయసు 1,000 ఏళ్ళని అంచనా. 'చియో నో మత్సు' అనే ఐదుసూదుల పైన్‌కు సుమారు 500 ఏళ్ళని రాస్తారు. సందర్శకుల చూపు ముందు ఆ అంకె మీద పడుతుంది, ఆ తర్వాతే చెట్టు మీదికి వెళుతుంది. కుండీలో మన నడుమెత్తు కూడా లేని చెట్టుకు వెయ్యేళ్ళంటే ఎవరికైనా నోట మాట రాదు. ఇంత వయసు చెప్పే చెట్లలో చాలావాటిని తోటలో నాటి పెంచలేదు. కొండ మీద తమంతట తాము పెరిగినవాటిని తవ్వి తెచ్చారు. అలా తెచ్చిన చెట్టును యమదోరి అంటారు. బోన్సాయ్ లోకంలో దానికున్న గౌరవం నర్సరీ చెట్టుకు లేదు, ధరలో కూడా పొంతన ఉండదు. కొండ ఇచ్చిన వయసే చెట్టు గొప్పతనమన్న నమ్మకం ఈ గౌరవం వెనక ఉంది. ఓమియాలో మొదలై ఇతోయిగావా సున్నపురాయి కొండల మీదుగా తకమత్సు పైన్ తోటల దాకా సాగే ఈ ప్రయాణంలో కనిపించేవన్నీ ఆ నమ్మకాన్ని ప్రశ్నిస్తాయి. యమదోరిని గొప్ప బోన్సాయ్‌గా నిలిపింది తెచ్చాక తరాల తరబడి అందిన పోషణేనని, కొండల్లో ఇంకా మిగిలిన చెట్లను తవ్వుకొచ్చే అవసరం ఈ కళకు ఇక లేదని నా వాదన.

కొండ చేసే పనిని ముందు ఒప్పుకోవాలి. చలికాలంలో సైబీరియా నుంచి వీచే గాలి జపాన్ సముద్రపు తేమను మోసుకొచ్చి పడమటి కొండల మీద మంచుగా కుమ్మరిస్తుంది. ఆ బరువుకు కొమ్మలు కిందికి వాలతాయి, వసంతంలో మంచు జారేటప్పుడు కొన్ని విరుగుతాయి. రాతి పగుల్లో పిడికెడు మట్టే ఉంటుంది కాబట్టి మాను ఏడాదికి లావెక్కేది మిల్లీమీటరులో కొంత భాగమే. మీద రాళ్ళు దొర్లితే బెరడు లేచిపోతుంది. ఒకవైపు మట్టి కొట్టుకుపోయి వేరు బయటపడి ఎండితే, ఆ వేరు మీద ఆధారపడ్డ మాను భాగం కూడా ఎండుతుంది. జూనిపర్‌లో ఇది మరీ స్పష్టం, ఎందుకంటే దాని వేరు తన పైనున్న మాను భాగానికి, ఆ భాగం మీది కొమ్మలకే నీరందిస్తుంది. ఓమియా తోటలో షింపాకు జూనిపర్ ముందు వంగి చూస్తే ఈ చరిత్రంతా కళ్ళెదుట కనిపిస్తుంది. మానులో మూడొంతులు ఎండి తెల్లగా పాలిపోయి ఉంటుంది. దాని పక్కనే రెండు మూడు వేళ్ళ వెడల్పున ఎర్రటి గోధుమరంగు పట్టీ వేరు దగ్గర మొదలై మెలికలు తిరుగుతూ పైకి పోయి కొమ్మను అందుకుంటుంది. చెట్టు ప్రాణమంతా ఆ పట్టీలోనే ఉంది. తెలుపూ ఎరుపూ కలిసే గీత దగ్గర బతికున్న బెరడు అంచు కాస్త ఉబ్బి ఎండిన చెక్క మీదికి ఒరిగినట్టుంటుంది. అది అలా ఉబ్బి ఉంటే చెట్టు ఒంట్లో బలం ఉన్నట్టే.

ఆ తెలుపు, ఆ ఎరుపు కూడా పూర్తిగా కొండవి కావు. పైపొర బెరడును జాగ్రత్తగా ఒలిచి, బ్రష్షుతో రుద్దితేనే ఎరుపు తేలుతుంది. తెలుపు నిలవాలంటే ఎండిన చెక్కను శుభ్రం చేసి దానికి సున్నం, గంధకం కలిపి కాచిన ద్రావణం పూయాలి. అది చెక్కను తెల్లబరుస్తుంది, బూజు, కుళ్ళు పట్టకుండా కాస్తుంది. గాలికి ఆరిపోయే కొండ అంచున జూనిపర్ చెక్క శతాబ్దాలు నిలవగలదు. కుండీలో రోజూ నీళ్ళు పోస్తారు కనుక మట్టిని ఆనుకున్న చోట తేమ ఆరదు, పట్టించుకోకపోతే అక్కడే చెక్క కుళ్ళడం మొదలవుతుంది. కొండ ఎండబెట్టిన చెక్కను కుండీలో కాపాడేది ఆ బ్రష్షు, ఆ ద్రావణం, వాటిని పట్టుకున్న చెయ్యి. చీటీ మీది అంకెలో ఈ పని ఎక్కడా కనిపించదు.

చెట్టును కొండ నుంచి దించడంలో ఉన్న కష్టం చూస్తే మనిషి పాత్ర ఇంకా తేటపడుతుంది. తవ్వడానికి అనువైన సమయం చాలా కొద్ది. సాధారణంగా మంచు కరిగాక, మొగ్గలు విచ్చుకోకముందు తవ్వుతారు. కోనిఫర్లకు వేర్లన్నీ కడిగి కొత్త మట్టిలో పెట్టడం పడదు. సన్నటి పీచువేర్లను, వాటితో కలిసి బతికే శిలీంధ్రాలను కాపాడేందుకు పాత మట్టిని కొంత అలాగే ఉంచాలి. రాతి పగుల్లో బరువైన వేరు మీటర్ల దూరం పోయి, పీచువేర్లు ఆ చివరెక్కడో ఉంటే ఆ చెట్టును తవ్వకపోవడమే మేలు, తవ్వితే దాదాపుగా చచ్చిపోతుంది. తెచ్చాక పెట్టెలో ప్యూమిస్ లాంటి, నీళ్ళు నిలవని రాతిగుళికల్లో పెట్టి, గాలికి కదలకుండా కట్టి, రెండు మూడేళ్ళు కత్తెర ముట్టుకోకుండా ఊరికే ఉంచాలి. ఆత్రపడి మొదటి ఏడాదే కొమ్మలు కత్తిరిస్తే చెట్టు పోతుంది. ఆకుల్లో దాచుకున్న శక్తితోనే కొత్త వేర్లు వేసుకుంటుంది కనుక ఆకులు తీసేయడమంటే దాని నోటి దగ్గరి కూడు లాగేయడమే. ముదురు పైన్‌కు పచ్చని సూదులు లేని పాత కొమ్మ మీద మళ్ళీ చిగురు రావడం అరుదు, అంటే పోయిన కొమ్మ పోయినట్టే. కొండ మీద ఏం తట్టుకుని బతికిన చెట్టైనా ఈ రెండు మూడేళ్ళలో దాని బతుకు తెచ్చినవాళ్ళ ఓపిక మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ తర్వాత కూడా ఆ ఆధారం తగ్గదు. తోటల్లో శిష్యరికం అయిదారేళ్ళు సాగుతుంది, నీళ్ళు పోయడం నేర్చుకోవడానికే మూడేళ్ళు పడుతుందన్నది అక్కడి వాడుక మాట. వేసవిలో చిన్న కుండీలకు రోజుకు రెండుమూడుసార్లు నీళ్ళు కావాలి. ఒకే తోటలో పైన్‌కు ఒక కొలత, స్ప్రూస్‌కు ఇంకో కొలత, ఎండలో ఉన్నదానికి ఒకటి, నీడలో ఉన్నదానికి ఇంకొకటి. కొన్నేళ్ళకోసారి కుండీ మార్చి వేర్లు సరిచేయాలి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తోటల్లో పనిచేసే మగవాళ్ళు సైన్యంలోకి పోయారు, చెట్లు పెంచడం విలాసమన్న నింద వచ్చింది. ఓమియాలో ఎన్నో చెట్లు చూసే దిక్కులేక చనిపోయాయి. శతాబ్దాల తరబడి గాలినీ మంచునూ తట్టుకున్నవి నీళ్ళు పోసే మనిషి లేక ఎండిపోయాయి. 2019 జనవరిలో సైతామా జిల్లా కవాగుచిలో ఒక తోట నుంచి దొంగలు ఏడు బోన్సాయ్‌లు ఎత్తుకుపోయారు. వాటిలో సుమారు 400 ఏళ్ళ షింపాకు ఒకటి ఉంది, దాని విలువే కోటి యెన్‌లని వార్తలొచ్చాయి. పోయిన సొమ్ము మాట అటుంచి, ఎత్తుకుపోయినవాళ్ళు కనీసం నీళ్ళైనా పోయాలని యజమానులు బహిరంగంగా వేడుకున్నారు. నీళ్ళు లేకుండా వారం మించి బతకదని వాళ్ళకు తెలుసు. కొండచెట్టు మొండితనం కొండ మీదే ఉండిపోతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కుండీలోకి వచ్చాక అది పసిబిడ్డతో సమానం.

రూపం విషయంలో కూడా ఇదే కథ. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం మనం. ఈ తోటల్లో మానును కూడా వంచుతారు, కాకపోతే ఊరికే కాదు. తడిపిన నారను మాను చుట్టూ గట్టిగా చుట్టి, దాని మీద లావుపాటి రాగి తీగ వేసి, కొంచెం కొంచెంగా వంచుతూ పోతారు. ఒక్కో వంపు కుదురుకోవడానికి నెలలూ ఏళ్ళూ పడుతుంది. బోన్సాయ్ మాంత్రికుడని పేరుపడ్డ కిమురా మసాహికో ఓమియాలోనే 1940లో పుట్టి, ఇక్కడి తోజు-ఎన్ తోటలో పని నేర్చారు. ఎండిన చెక్కను కరెంటు పనిముట్లతో చెక్కి, కొండ నుంచి ఒక తీరున వచ్చిన చెట్టును ఇంకో తీరుగా మార్చిన పనితోనే ఆయనకు పేరొచ్చింది. అది శిల్పమే గాని బోన్సాయ్ కాదన్న విమర్శను కూడా ఆయన ఎదుర్కొన్నారు. ఆ విమర్శ చేసినవాళ్ళు కూడా ఒప్పుకుంటున్నదేమిటంటే, చూసేవాళ్ళు మెచ్చిన రూపం కొండ ఇచ్చింది కాదని. టోక్యోలోని ఉయెనోలో 1934 నుంచి జరుగుతున్న కొకుఫు ప్రదర్శన పాత ఆల్బములు తిరగేసినా ఇదే తెలుస్తుంది. పేరున్న చెట్టు యజమాని మారినప్పుడల్లా ముందువైపు మారుతుంది, ఒక కొమ్మ పోతుంది, ఆకుల గుబురు కొత్త చోటికి జరుగుతుంది. చెట్టు పేరు అదే, చూపించే బొమ్మ వేరు.

ఓమియాలో హోకురికు షింకాన్‌సెన్ ఎక్కితే నగానో కొండల్ని దాటి సుమారు రెండు గంటల్లో జపాన్ సముద్రపు ఒడ్డున ఇతోయిగావా వస్తుంది. బోన్సాయ్ ప్రపంచంలో అన్నిటికంటే పేరున్న షింపాకు రకానికి ఈ ఊరి పేరే పెట్టారు. హిమె నది వెంట దక్షిణంగా పోయే ఓయితో లైన్‌లో కోతాకి దాకా వెళ్ళి పైకెక్కితే తకానామి చెరువు ఉంది, దాని ఒడ్డు నుంచి మ్యోజో కొండ మొత్తం కనిపిస్తుంది. ఎత్తు 1,188 మీటర్లే, కానీ దక్షిణం వైపు వందల మీటర్ల సున్నపురాయి గోడ నిట్టనిలువుగా కోతాకి నదిలోకి దిగుతుంది. ఒకప్పటి సముద్రపు పగడపు దిబ్బలే కోట్ల ఏళ్ళ తర్వాత ఈ గోడయ్యాయి. గోడ మీది పగుళ్ళలోనూ అంచులమీదా షింపాకులు పెరిగాయి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వాటి కోసం మనుషులు తాళ్ళకు వేలాడుతూ దిగారు. ఒక్క చెట్టు కోసం రోజుల తరబడి గోడకు అంటిపెట్టుకుని రాయి తొలిచారు, పట్టుతప్పి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కొంత కాలానికి చేతికందే మంచి చెట్లు అయిపోయాయి. ఈ రోజు ఆ గోడ వైపు చూస్తే అక్కడక్కడా పచ్చదనం ఉంది గాని, ఓమియా మ్యూజియంలో చూసిన మెలికల మాను కోసం వెతికితే కనిపించేది రాయే. ఒక కళ తన ముడిసరుకును తానే అరగదీసుకుందన్న సంగతిని ఇంత బాహాటంగా చూపించే చోటు ఇంకొకటి తేలిగ్గా దొరకదు.

ఆ గోడ కిందే కోతాకి నదిలో పచ్చరాతి లోయ ఉంది. జపాన్ జాతీయ రాయిగా 2016లో ఖనిజశాస్త్రవేత్తల సంఘం ఎంచిన పచ్చరాయి ఇక్కడి బండల్లో ఉంది. లోయ ప్రభుత్వ రక్షణలో ఉన్న సహజ స్మారకం, అందులోని రాయిని తీసుకెళ్ళకూడదు. నది లోయలోంచి కొట్టుకొచ్చి సముద్రం ఒడ్డుకు చేర్చిన రాళ్ళను మాత్రం అలలు తగ్గినప్పుడు జనం ఏరుకుంటారు, ఇతోయిగావా తీరానికి చాలామంది అందుకే వస్తారు కూడా. పుట్టినచోట ఉన్నదాన్ని పెకలించకూడదు, అక్కడి నుంచి అప్పటికే విడిపోయినదాన్ని తీసుకోవచ్చు అన్న తేడా ఇది. రాతి విషయంలో ఈ తేడాను ఇంత చక్కగా పాటించే ఊళ్ళో, అదే గోడ మీది చెట్ల విషయంలో ఎన్నో ఏళ్ళపాటు ఎవరికీ ఆ ఆలోచనే రాకపోవడం ఆశ్చర్యం. రాయి మళ్ళీ పుట్టదు కాబట్టి రక్షించాలి, చెట్టు మళ్ళీ మొలుస్తుంది కాబట్టి ఫర్వాలేదు అనుకున్నారేమో. 300 ఏళ్ళ చెట్టు మళ్ళీ మొలవడానికి 300 ఏళ్ళు పడుతుంది. మనిషి లెక్కలో అది రాయితో సమానమే.

కొండ ఖాళీ అయినా ఇతోయిగావా షింపాకు అంతరించలేదు. కొండ నుంచి దిగిన పాత చెట్ల కొమ్మల్ని కత్తిరించి నాటితే వేరు పట్టాయి. ఆ కొమ్మల కొమ్మలు మళ్ళీ నాటారు. సన్నగా, దట్టంగా, మెరిసే పచ్చదనంతో ఉండే ఆ ఆకు ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడెక్కడో పెరుగుతోంది. వేరే జాతి జూనిపర్ల మీద దీన్ని అంటు కట్టడం కూడా మామూలైపోయింది. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ముతక ఆకులున్న పాత జూనిపర్లకు ఇతోయిగావా ఆకు అంటుకట్టి పెంచేవాళ్ళున్నారు. ఎజో స్ప్రూస్ కథ ఇంకో దారిలో ఇక్కడికే వచ్చింది. ఓమియాలో మన్సెయి-ఎన్ తోట నడిపిన కాతో కుటుంబానికి ఆ చెట్లతోనే పెద్ద పేరొచ్చింది. మంచి చెట్లు దొరికిన కునాషిరి ద్వీపం 1945 నుంచి రష్యా చేతిలో ఉంది, ఆ దారి మూసుకుపోయింది. అయినా ఎజో స్ప్రూస్ బోన్సాయ్ ఆగలేదు. ఉన్నవాటిని కాపాడుకున్నారు, కొమ్మ నాటి కొత్తవి పెంచారు. దారి మూసుకుపోతే కళ చచ్చిపోతుందన్న భయం నిజమైతే ఈ రెండు చోట్లా చచ్చిపోయి ఉండాల్సింది.

షికోకు ద్వీపంలో తకమత్సు నుంచి యోసన్ లైన్‌లో రెండో స్టేషన్ కినాషి. ఆ ఊరు, పొరుగునున్న కొకుబుంజి కలిసి జపాన్ పైన్ బోన్సాయ్‌లలో దాదాపు 80 శాతం పండిస్తాయి. పండిస్తాయనే అనాలి, ఎందుకంటే ఇక్కడ బోన్సాయ్ పొలం పంట. రోడ్డు పక్కన మన కూరగాయల మడుల్లాంటి చేలల్లో నల్ల పైన్లు వరసల్లో నిలబడి ఉంటాయి. లేత మాన్లకు తీగ చుట్టి వంపులు తిప్పి ఉంటారు. కొన్నేళ్ళకు అవి అదే వంపులో గట్టిపడతాయి. ఇసుక కలిసిన, నీరు నిలవని నేల, తక్కువ వాన, ఎక్కువ ఎండ ఈ చెట్లకు సరిపోయాయి. ఈ ఊరి వృత్తి సుమారు 200 ఏళ్ళ కిందట ఎలా మొదలైందో గమనించాలి. సముద్రపు ఒడ్డునా కొండల్లోనూ తమంతట తాము పెరిగిన పైన్లను తవ్వి తెచ్చి కుండీల్లో పెట్టి అమ్మడమే మొదట ఇక్కడి పని. అంటే కినాషి కూడా యమదోరితోనే పుట్టింది. తేడా ఏమిటంటే, ఇక్కడివాళ్ళు తవ్వడం నుంచి పండించడానికి మారారు, మారాకే ఊరు నిలదొక్కుకుంది. కొండ ఒక తరానికి తిండి పెట్టింది, పొలం తరతరాలకు పెడుతోంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. పొలంలో పెరిగిన చెట్టుకు కొండ ముఖం రాదంటారు. చేతితో చెక్కిన చెక్క, కొండ ఎండబెట్టిన చెక్క పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుందని, చెక్కినదాంట్లో పనిముట్టు జాడ దాగదని వాళ్ళ మాట. ఇందులో నిజముంది. పది ఇరవై ఏళ్ళ పనికి మూడొందల ఏళ్ళ గీతలు రావు. కానీ ఫుకుషిమాలో అజుమా కొండ ఐదుసూదుల పైన్ల కథ ఈ వాదానికి హద్దు గీస్తుంది. ఆ కొండ 1950 నుంచి బందాయ్-అసాహి జాతీయ ఉద్యానంలో ఉంది. ఆ ప్రాంతపు అబె కుటుంబం మూడు తరాలుగా ఆ కొండ పైన్ల విత్తనాల నుంచే చెట్లు పెంచుతోంది. ఎత్తు మీద గాలికి ఒరిగిన చెట్టును చూసి, ఆ తీరును మొలక నాటి నుంచే అలవాటు చేస్తారు. తాత మొదలుపెట్టిన చెట్టు మనవడి చేతికి వచ్చేసరికి ముసలి బెరడు వేసుకుంటుంది. దానికి ఎండిన మాను లేదు, అయినా కొండ గాలి ఉంది. కొండ ఎండబెట్టిన చెక్క ఒక అందం. అన్ని అందాలూ అదే కావాలనడానికి కారణం లేదు, దానికోసమే కొండను ఖాళీ చేయమనడానికి అంతకన్నా లేదు. పైగా ఆ చెక్క ఉన్న చెట్లు వందల సంఖ్యలో ఇప్పటికే తోటల్లో ఉన్నాయి. వాటిని బతికించుకోవడమే ఒక జీవితకాలపు పని.

రెండో అభ్యంతరం ఇంకోవైపు నుంచి వస్తుంది. కొండ మీద ఉంటే ఎవరూ చూడకుండా ఏదో ఒక చలికాలం విరిగిపోయే చెట్టును తెచ్చి మరో 300 ఏళ్ళు బతికిస్తే తప్పేమిటని. అమెరికాలో నేషనల్ ఫారెస్టుల్లో కొన్నిచోట్ల రుసుము కట్టి అనుమతి పత్రం తీసుకుని చెట్టు తవ్వుకోవచ్చు, నేషనల్ పార్కుల్లో మాత్రం కూడదు. అనుమతితో, లెక్కతో తీసుకునేవాళ్ళను దొంగలతో ఒక గాటన కట్టడం అన్యాయమే. కానీ బతికిస్తామన్న మాటలో ఒక దాపరికం ఉంది. గ్యాలరీల్లో నిలబడ్డ చెట్లనే మనం చూస్తాం, తెచ్చిన మొదటి మూడేళ్ళలో పోయినవాటిని ఎవరూ ప్రదర్శనకు పెట్టరు. కాబట్టి కొండ మీద పోయే చెట్టును కుండీలో నిలిచిన చెట్టుతో పోల్చడం తూకం తప్పిన లెక్క, కుండీలో పోయినవాటిని కూడా తక్కెడలో వేయాలి. అదీగాక కొండ మీద ఆ చెట్టు ఊరికే నిలబడి లేదు. దాని గింజల్ని పిట్టలు తింటాయి, దాని వేరు పగుల్లోని మట్టిని పట్టి ఉంచుతుంది, దాని నీడలో తర్వాతి మొలక నిలబడుతుంది. చూసే మనిషి లేడన్న కారణంతో ఆ పనికి విలువ లేదనలేం. అందుకే పచ్చరాతి లోయ చూపించే నియమం ఇక్కడా పనికొస్తుంది. రోడ్డు వేయడానికో, గనికో, ఆనకట్టకో ఎలాగూ పోతున్న చెట్టయితే అనుమతి తీసుకుని తేవచ్చు, తేవాలి కూడా. తన చోట తాను నిలబడ్డ చెట్టును వదిలేయాలి.

అసలు చెట్టును కుండీలో బిగించడమే హింస కదా అన్నది మూడో అభ్యంతరం. తీగలు చుట్టిన కొమ్మను చూస్తే అలా అనిపించడం సహజం. కానీ పాత చెట్లు కుండీల్లో శతాబ్దాలు బతుకుతున్నాయి, ఏటా చిగుళ్ళు వేస్తున్నాయి. వేరు కత్తిరించినచోట కొత్త పీచువేరు పుట్టి చెట్టును పడుచుగా ఉంచుతుంది. అదే ఈ విద్యలోని కీలకం. తిండి పెట్టకుండా గిడసబారేలా చేస్తారన్నది అపోహే. తోటల్లో ఎరువు క్రమం తప్పకుండా వేస్తారు, బలం లేని చెట్టుకు తీగ చుట్టరు. కుండీ బతుకు చెట్టుకు శిక్ష కాదు గాని, దాన్ని పెంచేవాళ్ళకు అది జీవితాంతం తీరని బాధ్యత. ఆ బాధ్యత మోయలేనివాళ్ళు ఒక పాత చెట్టును కొండ నుంచి దించితే అప్పుడు హింస అన్న మాట సరిపోతుంది. ఈ అభ్యంతరం బోన్సాయ్ మొత్తానికి వర్తించదు, యమదోరికి మాత్రం బాగా వర్తిస్తుంది.

తెలుగు నేల మీద ఈ కొండ కోనిఫర్లు నిలవవు. ఐదుసూదుల పైన్‌కూ స్ప్రూస్‌కూ చలికాలపు నిద్ర కావాలి, హైదరాబాద్, విజయవాడ ఎండలు వాటికి పడవు. మన దగ్గర బోన్సాయ్ పెంచేవాళ్ళు ఎంచుకునేవి మర్రి, రావి, జువ్వి, చింత, కాగితపు పూల చెట్టు. వీటిలో మొదటి మూడింటికి మనకు తెలియకుండానే ఒక యమదోరి సంప్రదాయం ఉంది. పిట్టలు వేసిన గింజ పాత మేడ పిట్టగోడ పగుల్లోనో, నీళ్ళ ట్యాంకు కిందనో మొలిచి, సున్నం గారలో వేరు పాకించి, పోషణ లేక గిడసబారి, కురచ ఆకులతో ఏళ్ళపాటు నిలుస్తుంది. గోడ బీటలు వారుతుందని ఇంటివాళ్ళు ఎలాగూ దాన్ని కొట్టించేస్తారు. అలాంటిదాన్ని వాన కాలంలో వేరుతో సహా తీసి కుండీలో పెడితే రెండువైపులా లాభమే, ఇల్లు నిలుస్తుంది, చెట్టూ నిలుస్తుంది. ఇతోయిగావా గోడకూ మన పిట్టగోడకూ ఉన్న తేడా అదే. అక్కడి చెట్టును ఎవరూ కొట్టేయబోవడం లేదు, ఇక్కడి చెట్టుకు గొడ్డలి తప్పదు. తీసుకోవచ్చా లేదా అని తేల్చేది చెట్టు అందమో వయసో కాదు, దాన్ని ఉన్నచోట ఉండనిస్తామా లేదా అన్నదే.

ఇక మిగిలింది చీటీ మీది అంకె. కొండచెట్ల వయసు ఎక్కడైనా అంచనాయే. మాను లోపల కుళ్ళిపోయి ఉంటుంది, వలయాలు లెక్కపెట్టాలంటే చెట్టుకు చిల్లు పెట్టాలి. వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ వృక్షవాటికలో ఇందుకు మంచి మార్గం కనిపిస్తుంది. అక్కడ హిరోషిమాకు చెందిన యమాకి కుటుంబం 1976లో బహూకరించిన మియాజిమా పైన్ ఉంది. 1945 ఆగస్టు 6న బాంబు పడినచోటుకు సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ప్రహరీగోడ చాటున ఉండి అది బతికింది. ఆ సంగతి 2001లో ఆ కుటుంబపు మనవలు చూడటానికి వచ్చి చెప్పేదాకా అక్కడివాళ్ళకు తెలియదు. దాని చీటీ మీద వయసు ఉండదు, 1625 నుంచి శిక్షణలో ఉందని ఉంటుంది. లెక్క మొదలయ్యేది చెట్టు మొలిచిన రోజు నుంచి కాదు, మనిషి చేయి పడిన ఏడు నుంచి. యమదోరి చీటీలన్నిటి మీదా ఈ రెండు లెక్కలూ విడివిడిగా ఉండాలి. కొండ మీద పెరిగిన ఏళ్ళు అంచనాగా, కుండీలో గడిచిన ఏళ్ళు తేదీతో, ఏ కొండ నుంచి ఎవరి అనుమతితో తెచ్చారన్నది వాటి పక్కన రాయాలి. అలా రాయడం మొదలైతే కొనేవాళ్ళ చూపు మారుతుంది. 500 ఏళ్ళ కొండ వయసుకు, నిన్నటి కుండీకి ధర కట్టేవాళ్ళు ఆలోచనలో పడతారు. నాలుగు తరాల చేతులు మారుతూ బతికిన చెట్టుకు, విత్తనం నుంచి మూడు తరాలు పెంచిన చెట్టుకు విలువ పెరుగుతుంది. తవ్వకానికి ఉన్న గిరాకీని చట్టాల కంటే ముందుగా తగ్గించేది ఈ చీటీయే. కొండ సంపాదించిన వయసును కొండ పేరనే రాసి, మనం పోషించిన ఏళ్ళనే మనవిగా చెప్పుకుంటే బోన్సాయ్‌కు ఏ గౌరవమూ తగ్గదు.